వెనుదిరిగి పోని వేలుపు

ఆడినమాట తప్పుట యెంతటి యనర్థమునకు దారితీయునో పల్నాటి సీమకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. కోడిపోరున నోడిన మాచర్లవారు పందెము చొప్పున ఏడేండ్లు నాడు విడిచి, గడువు తీరిన పిమ్మట తమ పాలు తమకిమ్మని అలరాజును రాయబారమంపగా, ఎదుటిపక్షమువారు మాట తప్పుటచే రాజ్యము దక్కకపోవుటయే గాక ఆ రాయబారి విషప్రయోగమునకు బలియయ్యెననియు, ఆ తగవే పన్నెండవ శతాబ్దమున కారెంపూడి రణరంగమును నెత్తుట ముంచెననియు వీరగాథలు ఘోషించుచున్నవి. మనుష్యుల మాట యిట్లుండగా, దేవుని మాట యెట్టిదో తెలుపు కథ యొకటి యీ సీమయందే కోటప్పకొండను ఆశ్రయించి యున్నది.

2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాకు కేంద్రమైన నరసరావుపేటకు చేరువను, ఎల్లమంద గ్రామపు పొంతను, బ్రహ్మ విష్ణు రుద్ర శిఖరములతో నొప్పుచున్న యీ కొండకు త్రికూటాద్రియని పేరు. కొండకావూరు గొల్లపిల్ల ఆనందవల్లి అనుదినము రుద్రశిఖరమెక్కి, జనులు కోటయ్యయని పిలుచు త్రికూటేశ్వరస్వామిని సేవించుచుండెననియు, ఆమె దీక్షను పరీక్షింపగోరి స్వామి కన్యయైన యామెకు గర్భము కల్పించెననియు, చూలు భారమైనను సేవ మానక యలసిపోయిన యామెపై జాలిగొని, "నీవు ముందు నడువుము, నేను నీ వెంట వచ్చెదను, వెనుదిరిగి మాత్రము చూడకుము" అని పలికెననియు స్థలపురాణము. దిగుచుండగా వెనుక చెలరేగిన ధ్వనులకు బెదరి యామె తిరిగి చూచెను. స్వామి యచ్చటనే, బ్రహ్మశిఖరమున, లింగరూపమున నిలిచిపోయెను. ఆనందవల్లి ఆయనయందే లీనమయ్యెను.

ఈ కథను భక్తురాలి పొరపాటుగా మాత్రమే చదువుకొని విచారించువారు కలరు. కాని నిబంధన భంగమైన పిదప స్వామి యేమి చేసెనో గమనింపవలెను. లోకవ్యవహారమున షరతు తప్పినచో ఒప్పందము రద్దగును. ఆయన మరల రుద్రశిఖరమున కేగియున్నచో తప్పుపట్టుట కెవరికిని తావు లేదు. అయినను ఆయన వెనుకకు మరలలేదు. దిగివచ్చినంతమేర దిగివచ్చియే యుండెను. పై శిఖరమున పాత కోటయ్య గుడి యున్నను, నేడు జనసామాన్యము కొలుచుచున్నది ఆ బెదరిన చూపు నిలిపిన చోటనే. అంతియేగాక, త్రికూటేశ్వరుని దర్శనమునకు ముందు గొల్లభామను దర్శించుట ఆచారమైనది. మాట నిలుపుకొనలేకపోయిన యామెకే మొదటి మ్రొక్కు దక్కుట కంటె అనుగ్రహమునకు వేరు నిదర్శనమేల?

ఈ భావము ఒక్క మతమునకు పరిమితమైనది కాదు. 1849లో గురజాలకు తరలివచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హైయర్ మొదలైనవారు ఈ సీమలో బోధించిన బైబిలునందును, ప్రజలు నిబంధనను పలుమారు మీరినను దేవుడు తన మాటను మరువకుండుటయే ప్రధానసూత్రము. మనుష్యుని దౌర్బల్యము దైవానుగ్రహమును ఆలస్యము చేయవచ్చును గాని రద్దుచేయజాలదని యుభయుల విశ్వాసము.

అట్టి మాటకు పల్నాటి ప్రజల ప్రత్యుత్తరమే ప్రభ. మహాశివరాత్రికి చుట్టుపట్ల గ్రామములవారు వెదుళ్లతోను, కొయ్యతోను చట్రము కట్టి, బట్టలు, రంగుకాగితములు, విద్యుద్దీపములు నలంకరించి, 60 అడుగులకు మించిన ప్రభలను సైతము బండ్లపై నిలిపి, "చేదుకో కోటయ్యా" యని యెలుగెత్తుచు తిరునాళ్లకు తరలించుకొని వత్తురు. ఊరి పేర కట్టునవి కొన్ని, బిడ్డ బాగుపడెనని, పంట పండెనని మ్రొక్కు చెల్లించుటకు ఇంటివారు మోసికొనివచ్చు చిన్న ప్రభలు మరికొన్ని.

కోటిన్నొక్క ప్రభ కట్టుకొని వచ్చిననాడు తాను కొండ దిగి వచ్చెదనని కోటయ్య మాట యిచ్చెనని జనుల నమ్మకము. ఆ లెక్క యెన్నటికి తీరునో తేల్చిచెప్పగలవాడు లేడు. అయినను ప్రభ కట్టువాడు మిగిలిన సంఖ్యను తలచి క్రుంగిపోడు. తన యూరి వంతు తప్పకుండుటయే వాని పట్టుదల. వెల చెల్లించి దేవుని దింపవలెననునది వాని తలంపు కాదు. షరతు తప్పిన దానికొరకే అంతదూరము దిగివచ్చినవాడు, మాట నిలుపుకొనువారికొరకు తక్కిన దారి నడువకుండునాయని వాని ధైర్యము.