కొండ వాలు, రైలు దారి: బస్తర్ నుంచి విశాఖ దాకా

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ సీమకు దక్షిణాన బైలదిల్లా పర్వతశ్రేణి ఉన్నది. ఎద్దు మూపురం వలె కనిపించడం చేత దానికి ఆ పేరు వచ్చింది. దేశంలోని మేలైన ఇనుప ఖనిజ నిక్షేపాలలో కొన్ని ఈ కొండలలోనే ఉన్నాయి. ఆ ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేసే ఉద్దేశంతో 1960 దశకంలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని నిర్మించారు. ఇది సుమారు 445 కిలోమీటర్ల పొడవున, 58 సొరంగాల గుండా, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ మీదుగా సాగుతుంది. బస్తర్ గిరిజనులు, ఒడిశాలోని కోరాపుట్ వాసులు, ఆంధ్రప్రదేశ్‌లోని అరకు ప్రజలు ఈ దారిన ఒకే రైలులో ప్రయాణిస్తారు.

ఇంతటి మార్గాన్ని ఒక్క కొండచరియ స్తంభింపజేయగలదు. 2017 అక్టోబరులో అనంతగిరి కనుమలలోని చిమిడిపల్లి సమీపంలోను, 2023 సెప్టెంబరులో కోరాపుట్ జిల్లాలోని మానాబార్, జరతి స్టేషన్ల నడుమను చరియలు విరిగిపడి రైళ్లు నిలిచిపోయాయి. 2025 జూలైలో ఆ జిల్లాలోనే మరొకసారి ఇట్లే జరిగింది.

కొండ ఎందుకు జారుతుంది?

వాలు మీద ఉన్న రాతిని, మట్టిని భూమ్యాకర్షణ శక్తి నిరంతరం క్రిందికి లాగుతూ ఉంటుంది. రేణువుల మధ్య ఒరిపిడి, బంకమట్టి పట్టు, చెట్ల వేళ్లు వాటిని నిలిపి ఉంచుతాయి. ఈ రెండు బలాలకూ పొత్తు కుదిరినంత కాలం కొండ స్థిరంగా ఉంటుంది. ఎడతెరిపి లేని వాన ఆ పొత్తును చెడగొడుతుంది. ఇంకిన నీరు మట్టి బరువును పెంచుతుంది. అంతకంటె ముఖ్యంగా, రేణువుల సందులలో నిండి వాటిని ఎడంగా నెట్టి ఒరిపిడిని తగ్గిస్తుంది. అప్పుడు పై పొర అడుగునున్న గట్టి రాతి మీదుగా జారిపోతుంది.

ఈ కదలికలన్నీ ఒక్క తీరుగా ఉండవు. నిట్టనిలువు చరియల నుంచి బండలు ఊడిపడటం ఒకటి. మట్టి పొర మొత్తంగా జారడం రెండవది. నీరు, మట్టి, రాళ్లు కలిసి వాగువలె పరుగెత్తడం మూడవది. ప్రాణహాని దీనివల్లనే ఎక్కువ. కంటికి కనిపించనంత మెల్లగా నేల ఏళ్ల తరబడి క్రిందికి ప్రాకడం నాలుగవది.

ఈ ప్రాంతపు ప్రత్యేకత

తూర్పు కనుమలలో విస్తారంగా ఉన్న రాతికి ఖోండు గిరిజనుల పేరిట ఖొండలైట్ అని పేరు పెట్టారు. ఇది ఎండకు, వానకు త్వరగా శిథిలమై మందమైన ఎర్రమట్టిగా మారుతుంది. రైలుకో, రోడ్డుకో దారి చేయడానికి కొండ పాదాన్ని తొలిచినప్పుడు పైనున్న మట్టికి ఆనుడు పోతుంది. వాలు మీది అడవి తరిగితే వేళ్ల పట్టు సడలుతుంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ లెక్క ప్రకారం దేశ భూభాగంలో సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు చరియలు విరిగిపడే ప్రమాదమున్న ప్రాంతం. హిమాలయాలు, పడమటి కనుమలతో పాటు అరకు ప్రాంతం కూడ ఆ జాబితాలో ఉన్నది.

బైలదిల్లాలో మరొక సమస్య ఉన్నది. గనుల నుంచి తీసిపోసిన మట్టిగుట్టలకు సహజమైన కొండకున్న బిగువు గాని, వేళ్ల అల్లిక గాని ఉండదు. వాన పడితే అవి సులభంగా కోసుకుపోతాయి. 2024 జూలైలో భారీ వర్షాలకు కొండ మీది నుంచి వచ్చిన ఎర్రని బురదనీరు కిరండూల్ పట్టణంలోని ఇండ్లలోకి చొరబడింది.

ముందుజాగ్రత్తలు

కొండ చాలాసార్లు కదలడానికి ముందు కొన్ని గుర్తులు చూపుతుంది. నేలలో కొత్త పగుళ్లు, ఒరిగిన స్తంభాలు, మొదట వంగిన చెట్లు, గోడలలో చీలికలు, బిగుసుకుపోయిన తలుపులు, ఊటనీరు హఠాత్తుగా బురదగా మారడం అట్టివి. వీటిని గమనించిన గ్రామస్థులు వెంటనే అధికారులకు తెలియజేయాలి. వాన ఉధృతంగా ఉన్న రాత్రులలో వాలు క్రింది ఇండ్లను, వాగు ఒడ్డును విడిచి ఎత్తైన సురక్షిత స్థలానికి చేరాలి.

నివారణలో మొదటి పని నీటిని వాలు మీద నిలువకుండా మళ్లించడం. కొండ పైభాగాన కాలువలు, పాదాన నీరు కారే రంధ్రాలున్న రక్షణగోడలు, బండలను ఆపే ఇనుప వలలు, లోతుగా వేళ్లూనే చెట్లు ఇందుకు తోడ్పడతాయి. వర్షాకాలంలో కనుమలలో పట్టాల వెంట కాలినడకన గస్తీ తిరిగే సిబ్బంది కాపలా వీటన్నిటికీ అదనం.

కోరాపుట్‌లో చరియ పడితే కిరండూల్‌లో ఖనిజం ఆగుతుంది. బస్తర్ నుంచి విశాఖకు రావలసిన ప్రయాణికుడు జగదల్‌పూర్‌లోనే నిలిచిపోతాడు. కనుక ఈ కొండల సంరక్షణ ఒక్క రాష్ట్రపు పని కాదు. వర్షపాతం వివరాలను, ప్రమాద స్థలాల పటాలను మూడు రాష్ట్రాలు వెంటవెంటనే పంచుకోవడం, కొండ మీద నివసించే గిరిజనుల అనుభవాన్ని ఆ పనిలో కలుపుకోవడం నేటి అవసరం.