టీబీ మందుతోపాటు తిండి: ఒక ట్రయల్ మన బస్తీకి ఏం చెబుతోంది?

ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ గేటు ముందు నుంచి తిరిగే మాకు, తిండిని వైద్యంలో భాగంగా చూడాలా అన్నది పాత ప్రశ్నే. దానికి ఈమధ్య గట్టి జవాబు ఝార్ఖండ్ నుంచి వచ్చింది.

రేషన్స్ అనే ఆ ట్రయల్ ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది అందులో ఉన్నారు. ఎక్కువమంది ఆదివాసీలు. రోగులందరికీ నెలనెలా 10 కిలోల ఆహార సరుకులు ఇచ్చారు. తేడా పెట్టింది ఇంటివాళ్ల దగ్గర. లాటరీలో వచ్చిన ప్రాంతాల్లో పెద్దవాళ్లకు తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు, మిగతాచోట్ల ఇవ్వలేదు. తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39% తగ్గింది.

అంటే వందలో 39 మంది తప్పించుకున్నారని కాదు. మొత్తమ్మీద టీబీ వచ్చింది వందలో ఇద్దరికే. ఆ చిన్న సంఖ్యలో తగ్గుదల ఇది. ఒక్క కేసు ఆపాలంటే సుమారు 30 కుటుంబాలకు తిండి ఇవ్వాలి. అది వృథా ఖర్చంటే మేము ఒప్పుకోం. మిగతా 29 ఇళ్లలోనూ కడుపులు నిండుతాయి కదా!

దీన్ని మన బస్తీ దవాఖానాకు ఎలా తేవాలి? ముందు చూడాల్సింది, ట్రయల్‌లో ఉన్నవాళ్లు మనలాంటివాళ్లేనా అని. అక్కడి రోగుల్లో పదికి ఎనిమిది మంది బక్కచిక్కినవాళ్లు. నగరంలో షుగరు, మద్యం కూడా టీబీ ముప్పు పెంచుతాయి. బరువు సరిపడా ఉన్న ఇంట్లో అంత ఫలితం ఆశించలేం. అందుకే తూకం ముఖ్యం. మొదటి 2 నెలల్లో బరువు 5% పెరిగిన రోగుల్లో మరణ ముప్పు 61% తక్కువగా కనిపించింది. 40 కిలోల మనిషికి అది 2 కిలోలు. ఇది లాటరీ వేసి తేల్చిన లెక్క కాదు, కోలుకుంటున్నవాళ్లే బరువు పెరిగి ఉండొచ్చు. అయినా 2 నెలలకూ బరువు కదలని రోగిని ప్రత్యేకంగా చూడమని డాక్టర్‌ను అడగడానికి ఆ లెక్క చాలు.

ట్రయల్‌లో ఇచ్చింది తిండి, ప్రభుత్వం ఇస్తున్నది డబ్బు. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తున్నారు. ఇంటి అద్దె బాకీ ఉంటే ఆ డబ్బు పప్పుగా మారదు. ఇంటివాళ్ల తిండిని మాత్రం నిక్షయ్ మిత్ర దాతలకు వదిలారు. అందరూ తిన్నాక చివర తినే ఆడమనిషికి ట్రయల్‌లో తలసరి వాటా ఉంది. దాత దయలో ఆ వాటా ఎవరు అడగగలరు? రోగి ఇంట్లో ప్రతి ఒక్కరి బరువూ రాయించాలి, రేషన్ షాపులోనే అదనపు కోటా అడగాలి.