ఎండే చెరువు, ఎండని చెరువు: అనంతపురం కరవు ప్రాంతంలో నీటి కలుపు యాజమాన్యం

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. ఎండకు, గాలికి ఆవిరి కాగల నీరు దీనికి దాదాపు మూడు రెట్లు ఉంటుంది. చెరువు నిండడమే అరుదైన చోట నీటి కలుపు గురించి చర్చ ఎందుకన్న అభిప్రాయం సహజమే. పూర్వం అది చాలావరకు నిజం కూడా. పొరుగున ఉన్న కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును గూర్చిన 1369 నాటి శాసనం చెరువుకు ఉండరాని ఆరు దోషాలను లెక్కించింది. కట్ట ఊట, చవిటి నేల వంటివి వాటిలో ఉన్నాయి, కలుపు లేదు. వేసవిలో అడుగంటి పశువుల బీడుగా మారే చెరువులో నీటి మొక్కలు ఎక్కువకాలం నిలవవు. కలుపు తీసే పని కరవే చేసేది.

ఇప్పుడు చెరువులు రెండు తెగలుగా విడిపోయాయి. వాననీటిపైనే ఆధారపడినవి ఇంకా ఎండుతున్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ నీరు అందే శింగనమల, హంద్రీ-నీవా ద్వారా కృష్ణా జలాలు అందే బుక్కపట్నం, ధర్మవరం వంటి చెరువులలోను, పట్టణాల మురుగు చేరే చెరువులలోను నీరు నిలిచే రోజులు పెరిగాయి. ఈ రెండు తెగలకూ ఒకే సిఫారసు చేస్తే శ్రమ, ధనం రెండూ వృథా అవుతాయి.

జమ్ము రెండింటిలోను పెరుగుతుంది. దీని బలమంతా బురదలో పాకే కొమ్ములో ఉన్నది. నీటికి పైన ఆకులు కోసినంత మాత్రాన ప్రయోజనం లేదు. కొద్ది వారాలలోనే మళ్లీ చిగురిస్తుంది. అయితే ఆ కొమ్ముకు కావలసిన ప్రాణవాయువు ఆకులలోని గాలి గదుల గుండానే అందుతుంది. పూతకు ముందే నీటి మట్టానికి ఒక జానెడు కిందకు కోసి, మోళ్లు మునిగి ఉండేలా చూస్తే కొమ్ములు గాలి అందక కుళ్లిపోతాయి. తిరిగి వచ్చే పిలకలను అదే ఋతువులో మరొకసారి కోయాలి. నీటి మట్టం వేగంగా తగ్గే చెరువులో ఈ పద్ధతి పనికిరాదు, ఏలయనగా కొద్ది రోజులకే మోడు బయటపడుతుంది. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో అడుగు ఎండినప్పుడు కొమ్ములను తవ్వి ఎండబెట్టడమే మార్గం. ఒక్కొక్క కంకిలో లక్షకు పైగా గింజలు ఉంటాయి గనుక, కంకి దూది విచ్చుకొన్న తరువాత తవ్వితే విత్తనం చల్లినట్లే అవుతుంది.

తవ్విన పూడిక మట్టి ఎక్కడికి చేరుతుందన్నది కూడా గమనించాలి. వేరుశనగ వేసే ఎర్ర మెట్ట నేలకు తోలితే అందులోని కొమ్ములు ఎండి చస్తాయి. నేలకు తేమ నిలుపుకొనే గుణం పెరుగుతుంది. అదే మట్టిని ఆయకట్టు వరి మడులకు తోలితే జమ్ము పొలానికి చేరుతుంది.

గుర్రపుడెక్క సంగతి వేరు. అమెజాన్ ప్రాంతం నుండి వచ్చిన ఈ మొక్క అనుకూల పరిస్థితులలో రెండు వారాలలోనే రెట్టింపు కాగలదు. చెరువు ఎండితే మొక్క చస్తుంది. బురదలోని విత్తనం మాత్రం ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తిని నిలుపుకొంటుంది. మంచి వర్షాల తరువాత హఠాత్తుగా మళ్లీ కనిపించడానికి ఇదొక కారణం. 1980 దశకంలో దేశానికి దిగుమతి చేసిన నియోకెటినా ముక్కు పురుగులు బెంగళూరు చెరువులలో దీనిని చక్కగా అదుపు చేశాయి. బెంగళూరు దగ్గరే గనుక ఆ ఉదాహరణను అనంతపురానికి యథాతథంగా అన్వయించాలనిపించడం సహజం. కాని ఈ పురుగు ఫలితం చూపడానికి కొన్నేళ్లు పడుతుంది. ఈలోగా చెరువు ఎండితే మొక్కతోపాటు పురుగూ నశిస్తుంది, విత్తనం మిగులుతుంది. కాబట్టి పురుగులను వదలవలసింది ఏడాది పొడవునా నీరుండే చెరువులలోనే. ఎండే చెరువులో, మొక్కలు కొద్దిగా ఉన్నప్పుడే, పూయకముందే, చేతితో ఏరి గట్టుకు దూరంగా కంపోస్టు చేయడం చౌక. బరువులో తొంభై శాతానికి పైగా నీరే గనుక ఒడ్డునే రెండు మూడు రోజులు ఆరనిస్తే మోత భారం తగ్గుతుంది.

కలుపు మందుల సిఫారసులో వెనుకాడడమే మంచిది. పశువులు తాగేది, చేపలు పెరిగేది, తూము ద్వారా పొలానికి పారేది ఆ నీరే. 2,4-డి అవశేషం గల నీరు పారితే టమాట, ప్రత్తి వంటి వెడల్పాకు పైర్లు దెబ్బతింటాయి. గ్లైఫోసేట్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022లో పురుగుల నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసింది. పైగా కలుపంతా ఒకేసారి చచ్చి కుళ్లితే నీటిలోని ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి.

చెరువు ఎండినంత మాత్రాన కలుపు సమస్య తీరదు. ఆ అడుగునే సర్కారు తుమ్మ ఆక్రమిస్తుంది. నేల మట్టానికి నరికితే మోడు నుండి మరిన్ని కొమ్మలు వస్తాయి గనుక వేరు మొదలుతో సహా పెకలించాలి. నీరు వచ్చిన తరువాత ఆ కంపే తేలే మొక్కలను పట్టి నిలుపుతుంది.

ఈ జిల్లాలో వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కురుస్తాయి. పనివారు, నిధులు పరిమితంగా ఉన్నప్పుడు చెరువు మధ్యభాగాన్ని తరువాతకు వదలి, ఆగస్టు చివరికల్లా మరువ, తూము ముఖం, నీరు వచ్చే వంక శుభ్రం చేయించాలి. ఒక్కసారిగా వరద వచ్చినప్పుడు తేలే కలుపు కొట్టుకువచ్చి మరువ వద్దనే అడ్డుపడుతుంది. పోవలసిన నీరు పోక, ఆ ఒత్తిడి కట్టపై పడుతుంది.