బావిలోంచి వచ్చేదంతా సరుకు కాదు

బావి నుండి ముడిచమురు ఒక్కటే రాదు. గ్యాస్, ఉప్పునీరు కలిసే వస్తాయి. 1976లో ఉత్పత్తి మొదలైన ముంబయి హైలో బావుల మిశ్రమాన్ని సముద్రం అడుగున వేసిన గొట్టాల ద్వారా ప్రాసెస్ ప్లాట్‌ఫారాలకు చేర్చుతారు. అక్కడ సెపరేటర్ అనే ఉక్కు పాత్రలో ఒత్తిడి తగ్గగానే గ్యాస్ పైకి లేస్తుంది. బరువైన నీరు అడుగుకు దిగుతుంది. చమురు నడుమ నిలుస్తుంది. చమురు, గ్యాస్ వేర్వేరు పైపులైన్లలో తీరాన ఉన్న ఉరాన్‌కు చేరుతాయి. మిగిలిన నీటిని అక్కడ తీసివేస్తారు. గ్యాస్ నుండి వంటగ్యాస్‌ను వేరుచేస్తారు.

క్షేత్రం పాతబడిన కొద్దీ సాధారణంగా నీటి పాలు పెరుగుతుంది. ఎత్తిపోత ఖర్చు తగ్గదు, చమురు మాత్రం తగ్గుతుంది. కనుక వర్తకులు చూడవలసినది బావి ఎంత పోసిందని కాదు, నీరు పోగా 159 లీటర్ల బ్యారెళ్లు ఎన్ని మిగిలాయన్నదే.