గోధుమల వెలతో కొన్న గ్రంథములు

1950, 60 దశకములలో అమెరికా గోధుమలు ఓడలమీద మన రేవులకు వచ్చెడివి. ఆ సంగతి పెద్దలకు నేటికిని జ్ఞాపకమే. ఆ గోధుమలకును, అమెరికా విశ్వవిద్యాలయములలో బీరువాల కెక్కిన తెలుగు పుస్తకములకును సంబంధ మున్నదనిన కొందఱికి వింతగా తోచవచ్చును. ఆ సంబంధము తెలిసినచో దక్షిణాసియా అధ్యయన కేంద్రమన నేమో, అది దేనిపై నిలిచియున్నదో సులభముగా బోధపడును.

1954లో అమెరికా చేసిన పబ్లిక్ లా 480 అను చట్టము ననుసరించి మన దేశము ఆ ధాన్యమునకు వెలను డాలర్లలో గాక రూపాయలలో చెల్లించెను. ఆ రూపాయలు చాలవఱకు ఇచ్చటనే వ్యయము కావలసియుండెను. 1958లో చట్టమును సవరించి, ఆ సొమ్ములో కొంత పెట్టి పుస్తకములు కొనుటకు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు అధికార మిచ్చిరి. 1962లో ఆ గ్రంథాలయమువారి కార్యాలయము ఢిల్లీలో పని ప్రారంభించెను. నాటినుండి మన నవలలు, కావ్యములు, పత్రికలు కట్టలు కట్టలుగా షికాగో, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ మొదలగు విశ్వవిద్యాలయములకు చేరినవి.

కాని పుస్తకములు చేరినంతమాత్రమున చదువరులు పుట్టరు గదా! 1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ఆకాశమున కెక్కించగా, తాము చదువులో వెనుకబడితిమను భయము అమెరికావారికి కలిగెను. మఱుసటి యేడు వారు జాతీయ రక్షణ విద్యా చట్టమును చేసిరి. అందలి ఆఱవ భాగము విదేశభాషలు నేర్పు కేంద్రములకు ధనము సమకూర్చెను. అంతకు పూర్వమే, 1948లో, నార్మన్ బ్రౌన్ అను సంస్కృత పండితుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున దక్షిణాసియా శాఖను నెలకొల్పి దారి చూపియుండెను. దేశరక్షణకై తెఱచిన తలుపు గుండా కవులును గాయకులును లోనికి ప్రవేశించిరి.

మాడిసన్ నగరమందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమును ఉదాహరణముగా గైకొందము. అచటి కేంద్రమనగా ఒక భవనము కాదు. చరిత్ర, మతము, రాజనీతి, మానవశాస్త్రము, సాహిత్యము మొదలగు వేర్వేరు శాఖల ఆచార్యులను ఒక గొడుగు క్రిందికి తెచ్చు ఏర్పాటు. ఆచార్యులు తమతమ శాఖలలోనే పాఠములు చెప్పుదురు. కేంద్రము విద్యార్థివేతనములు, ప్రసంగములు, సంగీత సభలు, చిత్ర ప్రదర్శనములు సమకూర్చును. 1970 దశకారంభము నుండి ప్రతి శరత్కాలమున జరుగు దక్షిణాసియా మహాసభకు పలు దేశముల పండితులు వచ్చుచుందురు.

అయినను అన్నిటికిని మూలము భాషాబోధనమే. ఇంగ్లీషు తెలిసిన విద్యార్థికి తెలుగు తరగతిలో తొలి చిక్కు "మనము", "మేము" అను మాటల వద్దనే ఎదురగును. వినువానిని కలుపుకొని చెప్పునది మొదటిది. విడిచి చెప్పునది రెండవది. అతని భాషలో రెంటికిని ఒకే మాట. ఈ భేదము పట్టుపడినవాడు వ్యాకరణముతోపాటు ఒక సంఘపు మర్యాదను గూడ నేర్చుకొన్నట్లే.

1971 మొదలు దాదాపు నాలుగు దశాబ్దములు వెల్చేరు నారాయణరావుగారు మాడిసన్‌లో తెలుగు బోధించిరి. జీన్ రోఘైర్ అను అమెరికా పరిశోధకుడు పలనాటికి వచ్చి, వీరుల కథను గాయకుని నోట విని, అనువదించి, 1982లో గ్రంథముగా ప్రకటించెను. క్షేత్రయ్య పదములను నారాయణరావు, ఎ. కె. రామానుజన్, డేవిడ్ షుల్మన్ గారలు ఇంగ్లీషులోనికి తెచ్చిరి. ఆ గ్రంథము 1994లో వెలువడెను. ఇట్టివి ఒక్క యేడాదిలో పండు పంటలు కావు. ఒక విద్యార్థి కావ్యము చదువగలుగుటకు ఏండ్లు పట్టును.

చిక్కంతయు నిక్కడనే యున్నది. తెలుగు తరగతిలో కూర్చుండువారు కొద్దిమందియే. అట్టి తరగతి తన రుసుములతో తాను నిలువలేదు. 2011లో ఆ ఆఱవ భాగపు ధనమున పెద్ద కోత పడెను. గోధుమల రూపాయలు అంతకు చాల ముందే తీఱిపోయినవి. తరువాత గ్రంథాలయములు తమ డాలర్లతోనే పుస్తకములు కొనవలసివచ్చెను. కొన్నిచోట్ల అచటి తెలుగు కుటుంబముల విరాళములు బోధనకు ఆసరాయైనవి. ఆ కుటుంబముల బిడ్డలును అవే బల్లలపై కూర్చుండి, ఇంట విన్న భాషకు అక్షరములు దిద్దుకొనుచున్నారు.

కొన్న పుస్తకము బీరువాలో నూఱేండ్లు వేచియుండగలదు. ఉపాధ్యాయుడు లేని తరగతి ఒక్క యేడు వేచియుండదు. ఒకసారి మూతపడినచో దానిని మరల తెఱచుట కష్టము. కనుక దూరదేశమున మన భాష చదువబడుచున్నదని గర్వించునపుడు, ఆ చదువు ఎందఱి పోషణముపై నిలిచియున్నదో గూడ తలచుకొనుట న్యాయము.