వీరగీతమునకు ప్రాస యేల?

పోచంపల్లి యనగనే మన సోదరీమణులకు చీర జ్ఞప్తికి వచ్చును. అచటి నేతవారు పోగులను మగ్గమున కెక్కింపక ముందే చిటికి కట్టి రంగులలో ముంచుదురు. నేయునపుడు ఆ రంగు తనకు నియమించిన చోటికి వచ్చి చేరినగాని పువ్వు పువ్వుగా నిలువదు. పద్యమున యతియు నిట్టిదే. పాదము మొదటి యక్షరమునకు మైత్రిగల యక్షరము నియమితస్థానమున మరల రావలెను. రెండవ యక్షరము ప్రతిపాదమునను ఒక్కటియే యైనచో నది ప్రాస.

యుద్ధకథ చెప్పు కవి యీ నియమముల నెట్లు వాడుకొనునో చూతము. ద్విపదయందు పాదమునకు మూడింద్రగణములు, ఒక సూర్యగణము నుండును. మూడవ గణాద్యక్షరము యతిస్థానము. రెండు పాదములకును ప్రాస కుదురవలెను. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రమున యతి నిలిచినది గాని ప్రాస విడువబడినది. దీనినే మంజరీద్విపద యందురు. ప్రాస రెండు పాదములను జంటగా ముడివేయును. ఆ ముడి లేనందున కథ యాగక పరుగిడుచున్నదని మా తలంపు.

ఇక మనకు దగ్గరి కాలమునకు వత్తము. 1946 మొదలు 1951 వరకు తెలంగాణమున సాయుధపోరాటము జరిగెను. ఆ కల్లోలప్రాంతమునకు వచ్చిన వినోబాభావేకు 1951 ఏప్రిల్ 18న తొలి భూదానము లభించినది పోచంపల్లిలోనే. ఆ పోరాటమున బండి యాదగిరి కట్టిన “బండెనక బండి కట్టి” యను పాట నెఱుగనివారు అరుదు. ఇందు గణముల లెక్క లేదు, తాళము కలదు. పేరులోనే ‘బ’కారము రెండుమారులు మ్రోగినది. తరువాతి ఖండమును ‘కట్టి’ యను మాటతోనే ముగియును. ఇది అంత్యప్రాస. నిజాము ప్రభుత్వమును సూటిగా పిలుచు సంబోధన మరల మరల వచ్చును. బతుకమ్మపాటలో ‘ఉయ్యాలో’ వచ్చుట లేదా? ఇదియు నట్టిదే.

ఈ మ్రోత వట్టి యలంకారము కాదు. అక్షరములు రానివారును చెవితో నేర్చి, నోటితో మరియొకరి కందింపవలసిన పాట యది. ప్రాసయే వారికి పుస్తకము. ఒక ఖండము జ్ఞప్తికి వచ్చినచో దాని తుదిమాట రెండవదానిని పిలుచును.

సోదరీమణులారా, మీ యింట నిట్టి పాటలెఱిగిన అవ్వ యున్నచో ఆమె పాడినట్లే వ్రాసికొనుడు. పల్లెమాటను గ్రంథభాషలోనికి దిద్దవలదు. మాట దిద్దినచో ప్రాస తెగును, ప్రాస తెగిన పాట నోట నిలువదు. చిటికి జారిన పోగున పువ్వు నిలుచునా?