పరీక్షా యంత్రమునకు బదులు పలుకని బండి

నగరమున కలియక పూర్వము పుప్పాలగూడయు ఒక గ్రామ పంచాయతీయే. అచటి మోటారు మేస్త్రీలకు నేడు స్కానరు లేనిదే పని సాగదు. 2020 ఏప్రిలు నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు వచ్చిన పిదప మన చెత్త ట్రక్కులకును అదే గతి. స్కానరు తగిలించినను బండి బదులు పలుకనిచో, “కంప్యూటరు చెడినది, క్రొత్తది వేయవలె”నను మాట వినబడును. ఆ పెద్ద బిల్లును మంజూరు చేయుటకు ముందు సభ్యులు కొంత విచారింపవలెను.

స్టీరింగు దాపున 16 పిన్నుల సాకెట్టు ఉండును. అందు 16వ పిన్నునకు బ్యాటరీ విద్యుత్తు, 4, 5 పిన్నులకు ఎర్తు అందును. తాళము త్రిప్పినను స్కానరు దీపము వెలుగనిచో మొదట ఫ్యూజును అనుమానింపుడు. పెక్కు బండ్లలో ఈ సాకెట్టునకును, డ్రైవరు సెల్‌ఫోను ఛార్జరు పెట్టు లైటరు సాకెట్టునకును ఒకటే ఫ్యూజు. కొద్ది రూపాయల వస్తువు!

దీపము వెలిగియు మాట లేనిచో, ఆ స్కానరు అదే రకపు వేరొక బండితో మాట్లాడుచున్నదేమో చూడుడు. పిన్నులు వంగినవేమో పరికింపుడు. పిదప బ్యాటరీ తీగ విప్పించి 6, 14 పిన్నుల నడుమ నిరోధమును కొలిపింపుడు. పెక్కు బండ్లలో అది సుమారు 60 ఓములుండును. 120 చూపినచో తీగ యెచ్చటనో తెగియుండవచ్చును. సున్నకు దగ్గరైనచో రెండు తీగలును ఒకదానికొకటి తగులుచున్నవి. ఎలుకలు కొరుకుట అరుదు కాదు. జీపీయస్ పరికరమును ఈ తీగలకే కలిపియున్నచో దానిని తీసి మరల చూడవలెను.

కంప్యూటరునకు పోవు ఫ్యూజు, ఎర్తు కూడ సరిగానున్న పిదపనే దానిని మార్చు ప్రసక్తి. ఈ కొలతలను బిల్లుతోబాటు వ్రాసి యిమ్మని మేస్త్రీని కోరుడు.